ఆపద్ధర్మమే అలవాటైతే

కూరగాయల వ్యాపారంలో అసలు పని రాత్రిపూటే జరుగుతుంది. ఎండకు ఆకుకూర వాడిపోతుంది, టమాటా మెత్తబడుతుంది. అందుకే పల్లెల్లో సాయంత్రం కోసిన సరుకు రాత్రంతా ప్రయాణించి, తెల్లవారకముందే సికింద్రాబాద్ బోయినపల్లి మార్కెట్‌కు చేరుతుంది. అక్కడి నుంచి పొద్దున్నే నగరంలోని దుకాణాలకు వెళ్లిపోవాలి. ఇందులో ఎవరో కొందరు మేలుకోక తప్పదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. స్టార్టప్‌లలో రాత్రింబవళ్లు పనిచేయించడం న్యాయమా కాదా అని కొన్నేళ్లుగా వాదన నడుస్తోంది. ఒళ్లు వంచనిదే ఏ సంస్థా నిలబడదని కొందరంటారు. ఎనిమిది గంటలు దాటిందంటే దోపిడీయేనని మరికొందరంటారు. మేలుకోక తప్పని వ్యాపారంలోనే నేను నాలుగేళ్లకు పైగా పనిచేశాను. ఏ రాత్రి అవసరమైందో, ఏ రాత్రి అక్కర్లేనిదో దగ్గర నుంచి చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది మదనపల్లె దగ్గర పల్లె. నాన్న టమాటా రైతు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. ధర ఉన్న రోజు మండీలో మనుషుల ముఖాలు ఎలా ఉంటాయో, లారీ బాడుగ కూడా రాని రోజు కాయను రోడ్డు పక్కన పారబోసి ఇంటికొచ్చిన నాన్న ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. అప్పటికే నగరంలో స్టార్టప్‌ల ఊపు మొదలైంది. 2015 నవంబర్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో రతన్ టాటా చేతుల మీదుగా టీ-హబ్ ప్రారంభమైంది. 2016 జనవరిలో కేంద్రం స్టార్టప్ ఇండియా పథకం ప్రారంభించింది. మా బ్యాచ్‌లో ఉద్యోగం మానేసి సొంత కంపెనీ పెడతానన్నవాళ్లను చూసి ఇళ్లల్లో భయపడేవాళ్లు, స్నేహితులు మాత్రం గర్వపడేవాళ్లు.

2018లో నేనూ ఒక స్టార్టప్‌లో చేరాను. రైతుల దగ్గరా, మార్కెట్లోనూ కూరగాయలు కొని కిరాణా దుకాణాలకూ హోటళ్లకూ పొద్దున ఏడింటిలోపు చేర్చడం దాని పని. దుకాణదారు రాత్రి పదింటిలోగా యాప్‌లో ఆర్డరు పెడతాడు. అర్ధరాత్రికి అవన్నీ కూడి, ఏ కూరగాయ ఎంత కొనాలో కొనుగోలు మనుషుల ఫోన్లకు వెళుతుంది. నగరంలోని సుచిత్ర ప్రాంతంలో ఉన్న మా గోదాంకు మూడింటికల్లా సరుకు చేరుతుంది. ఏరి, తూచి, దుకాణం వారీగా ట్రేలలో సర్ది, అయిదింటికి ట్రాలీ ఆటోలు కదలాలి. ఆర్డర్లు, కాటా, బండ్ల రూట్లు చూసే సాఫ్ట్‌వేర్ మా టీమ్ చేతిలో ఉండేది. జీతం పాత కంపెనీలో కంటే తక్కువ. అయినా నేను చేరింది ఒకే ఒక్క ఆశతో. రైతుకూ దుకాణానికీ మధ్య చేతులు తగ్గితే, నాన్నలాంటి వాళ్లకు కిలో మీద రెండు రూపాయలైనా ఎక్కువ మిగులుతాయి.

మొదటిసారి రాత్రి గోదాంలో గడిపినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ట్యూబులైట్ల కింద కాయలు ఏరే అక్కలు వరసగా కూర్చున్నారు. టమాటాను చేతిలోకి తీసుకోగానే బొటనవేలితో ఒకసారి నొక్కి, పండు, దోర, పగులు అని మూడు ట్రేలలోకి చూడకుండానే వేస్తున్నారు. కాటా మీద ట్రే పెట్టిన హమాలీ బరువు చదివేలోపే, మేం రాసిన ప్రోగ్రాం దుకాణం పేరుతో చీటీ బయటికి తీస్తోంది. ఆ చీటీని కొత్తిమీర తడి అంటకుండా ట్రే అంచుకు ఎలా గుచ్చాలో వాళ్లే కనిపెట్టారు. మేం ఆఫీసులో కూర్చుని నెలల తరబడి ఆలోచించినా తట్టని మార్పులు ఆ ఒక్క రాత్రి వాళ్లు చెప్పారు. నిద్ర లేకపోయినా మర్నాడు నాకు అలసట తెలియలేదు. స్టార్టప్‌లో పనిచేసినవాళ్లెవరైనా ఇలాంటి రాత్రుల గురించి ప్రేమగానే చెబుతారు. అది నిజమైన ప్రేమే. చేసిన పని కళ్లెదుటే ఎవరికో ఉపయోగపడటం చూసే భాగ్యం పెద్ద కంపెనీల్లో ఏళ్ల తరబడి దొరకదు.

కానీ మా ఆఫీసులో అన్ని రాత్రులూ అలాంటివి కావు.

గోదాం పైఅంతస్తులోనే ఆఫీసు. గోదాం వాళ్లకు పని రాత్రి మొదలవుతుంది కాబట్టి పగలు ఇంటికి వెళ్లి పడుకునేవాళ్లు. మేం పగలు పదింటికి వచ్చేవాళ్లం, రాత్రి పదకొండుకు గానీ లేచేవాళ్లం కాదు. మా ఫౌండరు సార్ అర్ధరాత్రి దాకా ఉండేవారు. ఆయన గదిలో దీపం వెలుగుతుండగా ముందు లేచి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. సాయంత్రం ఏడింటికి పని అయిపోయినవాళ్లు కూడా స్క్రీన్ ముందే కూర్చునేవాళ్లు. ఆదివారం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే పది నిమిషాల్లో బదులు రావాలి. ఎవరు ఎంత చేశారన్నది కాక, ఎవరు ఎంతసేపు కనిపించారన్నది కొలతగా మారింది.

2019 ఏప్రిల్‌లో అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వారానికి ఆరు రోజులు పనిచేయడం పెద్ద వరమని అన్నాడు. చైనాలో దాన్ని ‘996’ అంటారు. ఆ వార్తను సార్ మా గ్రూపులో పెట్టి, ఇలాంటివాళ్లే ప్రపంచాన్ని మారుస్తారని రాశారు. అందరం చేతులు జోడించే బొమ్మలు పెట్టాం. అదే చైనాలో అంతకు నెల ముందే ప్రోగ్రామర్లు ఈ పద్ధతికి వ్యతిరేకంగా గిట్‌హబ్‌లో పెద్ద నిరసన మొదలుపెట్టారు. 2021 ఆగస్టులో అక్కడి సుప్రీం పీపుల్స్ కోర్టు 996 చట్టవిరుద్ధమని తేల్చి చెప్పింది. ఆ వార్త మా గ్రూపులోకి రాలేదు.

ఎక్కువ గంటలు కూర్చుంటే ఏం జరుగుతుందో ఒక రాత్రి నా కళ్లతో చూశాను. సోమవారం ఇన్వెస్టర్లు వస్తున్నారని, వాళ్లకు చూపించడానికి యాప్‌లో కొత్త తెర ఒకటి కావాలన్నారు. నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు ముందురోజు పొద్దున్నుంచీ సీటు వదలకుండా దాన్ని పూర్తిచేసి, రాత్రి రెండింటికి మార్పును అసలు యాప్‌లోకి పంపాడు. మూడున్నరకు కింద నుంచి హమాలీ అన్న పైకొచ్చాడు. “అక్కా, ఛాయ్ హోటల్ పేరు మీద రెండు బస్తాల ఉల్లిగడ్డ వచ్చింది. గింత ఉల్లిగడ్డ ఆయన ఏం జేస్కుంటడు?” అన్నాడు. హోటల్ వాళ్లు అడిగింది రెండు కిలోలు. ఆ మార్పులో కిలో ఉండాల్సిన చోట బస్తా పడింది. బస్తా అంటే 50 కిలోలు. అప్పటికే మూడు ఆటోలు నిండాయి. అన్నీ దించి, మళ్లీ తూచి పంపేసరికి ఎనిమిది దాటింది. దుకాణాలకు పొద్దుటి బేరం పోయింది. కొందరు మర్నాటి నుంచి ఆర్డరు ఆపేశారు.

ఆ ఉదయం మీటింగులో సార్ ఆ కుర్రాణ్ని నిలబెట్టి మెచ్చుకున్నారు. రెండు రోజులు నిద్రపోకుండా తప్పును తనే సరిదిద్దాడని చప్పట్లు కొట్టించారు. ఆ పొగడ్తలో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. రాత్రి రెండింటికి, నిద్ర లేని మనిషి చేత, ఆర్డర్లు నడుస్తున్న యాప్‌లో మార్పు ఎందుకు చేయించాం? టమాటా ఆగదు కాబట్టి హమాలీ అన్న మేలుకున్నాడు. ఈ కుర్రాడు మాత్రం ఒక ప్రదర్శన కోసం మేలుకున్నాడు. వారం ముందు అనుకుని ఉంటే అది పగటి పని. ఆ రాత్రి ఖర్చయింది మా ప్రణాళికా లోపం వల్ల. దానికి పట్టుదల అని పేరు పెట్టుకుని చప్పట్లు కొట్టుకున్నాం.

తర్వాతి రోజుల్లో ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికులు ఎన్ని గంటలు పనిచేస్తే ఎంత సరుకు తయారైందో అప్పట్లోనే లెక్కలు రాసిపెట్టారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో ఆ లెక్కలను తిరిగి పరిశీలించాడు. వారానికి 50 గంటలు దాటుతున్నకొద్దీ గంటకు తయారయ్యేది తగ్గిపోతోంది. 70 గంటలు చేసినవాళ్లు తయారుచేసింది, 56 గంటలు చేసినవాళ్ల కంటే పెద్దగా ఎక్కువ లేదు. మిగిలిన 14 గంటలూ మనిషి ఒళ్లు అరిగింది, సరుకు పెరగలేదు. ఒంటి మీద దాని ప్రభావం ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021 మేలో చెప్పాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఎక్కువ గంటల పని వల్ల 7,45,000 మంది చనిపోయారని ఆ సంస్థల అంచనా.

ఈ పద్ధతి ఎవరిని బయటికి నెడుతుందో కూడా చూశాను. మా టీమ్‌లో రూట్ల లెక్కలు రాసే అమ్మాయి చాలా చురుకైంది. ఏ ఆటో ఏ సందులో తిరగలేదో ఆమె ప్రోగ్రాంకు తెలిసినంతగా డ్రైవర్లకే తెలిసేది కాదు. చట్టప్రకారం వచ్చే 26 వారాల ప్రసూతి సెలవు తీసుకుని తిరిగొచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆమె వెళ్లిపోవాలి, పసిబిడ్డ అత్తగారి దగ్గర ఉంటుంది. ముఖ్యమైన మీటింగులన్నీ రాత్రి తొమ్మిదింటికి. పని విషయంలో ఆమె ఎక్కడా వెనకబడలేదు. కానీ నిర్ణయాలన్నీ ఆమె లేనప్పుడు జరిగిపోయేవి. మర్నాడు వచ్చి వాటిని అమలు చేయడం మాత్రమే ఆమె వంతు. కొన్ని నెలల్లోనే రాజీనామా ఇచ్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. గడియారమే పొమ్మంది. పాతికేళ్ల వయసులో, ఇంటి బాధ్యత లేకుండా, ఒంట్లో రోగం లేకుండా ఉన్నవాళ్లే మిగిలేలా ఏర్పాటు చేసుకుని, మిగిలినవాళ్లను చూసి వీళ్లే నిబద్ధత గలవాళ్లు అనుకున్నాం.

2020 మార్చి వచ్చింది. 22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రధాని ప్రకటన. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హోటళ్లు మూతపడటంతో మా ఆర్డర్లలో సగం ఒక్క రోజులో పోయాయి. మరోవైపు అపార్ట్‌మెంట్ల నుంచి ఫోన్లు. పెద్దవాళ్లు మార్కెట్‌కు వెళ్లలేరు, కూరగాయలు కావాలి. ఇంకోవైపు నాన్న ఫోను. కాయ పండిపోతోంది, లారీలు లేవు, మండీకి ఎవరూ రావడం లేదు. గోదాంలో హమాలీలు చాలామంది పాలమూరు వైపు ఊళ్లకు వెళ్లిపోయారు.

ఆ వారాల్లో మేమందరం పనిచేసిన తీరు నా జీవితంలో గర్వపడే సంగతుల్లో ఒకటి. అపార్ట్‌మెంటంతా కలిపి ఒకే ఆర్డరు పెట్టేలా యాప్‌ను రెండు మూడు రోజుల్లో మార్చాం. టమాటా, ఉల్లి, బంగాళాదుంప, బెండకాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి ఒకే సంచీగా కట్టాం. కోడ్ రాసేవాళ్లం కాయలు ఏరాం. అకౌంట్లు చూసే ఆయన కాటా దగ్గర నిలబడ్డారు. ఫౌండరు సార్ ట్రేలు భుజానికెత్తుకుని ఆటోలో సర్దారు. నిత్యావసరాల పాసు అద్దానికి అంటించుకుని ఖాళీ రోడ్ల మీద అల్వాల్, కొంపల్లి తిరిగేవాళ్లం. గేటు దగ్గర వాచ్‌మన్ సంచీలు వరసగా పెట్టించుకుని, శానిటైజర్ చల్లి, ఒక్కో ఫ్లాటు నుంచి ఒక్కొక్కరినే పిలిచేవాడు. మాస్కు వెనక నుంచి ఒక పెద్దావిడ “చల్లగా ఉండండి నాయనా” అన్నప్పుడు నాకు కన్నీళ్లాగలేదు. గోదాంలో మిగిలిన హమాలీలకూ, ఏరే అక్కలకూ సార్ రెట్టింపు కూలి ఇచ్చారు. అడక్కుండానే ఇచ్చారు.

అప్పుడు మేం ఎన్ని గంటలు చేశామో ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టాలని కూడా అనిపించలేదు. ఎందుకు చేస్తున్నామో కింది నుంచి పైదాకా అందరికీ తెలుసు. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరి ఒళ్లూ ఒకేలా అలిసింది. ఎక్కువ చేసినవాళ్లకు ఎక్కువ ముట్టింది. ఇది ఎప్పటికీ ఉండే స్థితి కాదని కూడా అందరికీ తెలుసు. ఆపద వచ్చినప్పుడు మామూలు నియమాలు పక్కన పెట్టడం మన పెద్దలు ఒప్పుకున్న ధర్మమే. ఆపద తీరగానే ఆ వెసులుబాటు కూడా తీరిపోవాలన్నదీ ఆ ధర్మంలో భాగమే.

మా దగ్గర అది తీరలేదు. జూన్‌లో ఆంక్షలు సడలాయి. హోటళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. రెట్టింపు కూలి ఆగిపోయింది, రెట్టింపు పని ఆగలేదు. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన హమాలీల్లో కొందరినే తీసుకున్నారు. ఇంతమందితో లాక్‌డౌన్‌నే నెట్టుకొచ్చాం కదా, ఇంకా మనుషులెందుకు అన్నారు. అత్యవసరంగా పెట్టుకున్న పొద్దుటి అయిదింటి ఫోన్ మీటింగు రోజువారీ మీటింగయింది. ఎవరైనా అలిసిపోయామంటే, ఏప్రిల్‌లో ఎలా చేశామో గుర్తు తెచ్చుకోమనేవాళ్లు. మా అందరి గర్వాన్నీ మా మీదే కొలబద్దగా పెట్టారు. ఆ రోజుల్లో ఒకసారి ఊరెళ్లినప్పుడు, తింటూ తింటూ లాప్‌టాప్ తెరిచిన నన్ను చూసి నాన్న అన్నాడు: “కోతలప్పుడు నిద్దరపోతే కాయ పోతుంది. కోతలయినాక కూడా మేలుకుంటే మనిషి పోతాడు మ్మా.”

ఆ మాట అన్నది నన్ను చూసి. కానీ దాని బరువు నాకంటే ముందు మోసింది మా డ్రైవర్లలో ఒకాయన. నల్లగొండ వైపు మనిషి, సొంత ట్రాలీ ఆటో, నెలనెలా కిస్తీ. తెల్లవారుజామున దుకాణాల ట్రిప్పు, పగలు అపార్ట్‌మెంట్ల ట్రిప్పు. లాక్‌డౌన్‌లో మొదలైన ఆ రెండో ట్రిప్పు తర్వాత కూడా కొనసాగింది. ఒకరోజు తెల్లవారుతుండగా స్టీరింగ్ మీద కునుకు పట్టి డివైడర్‌ను కొట్టాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు కాబట్టి మా కాగితాల్లో ఆయన ఉద్యోగి కాదు, భాగస్వామి. పనిలో గాయపడినవాళ్లకు పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచీ ఉంది. భాగస్వామికి అది వర్తించదని ఏజెన్సీ వాదించింది. ఆఫీసులో అందరం చందాలేసుకుని ఆసుపత్రి ఖర్చులకు ఇచ్చాం. చూడటానికి వెళ్లినప్పుడు ఆయన భార్య నాతో అంది: “సార్‌వాళ్లు మంచోళ్లేనమ్మా, పైసలిచ్చిండ్రు. గానీ రెండో ట్రిప్పు వద్దంటే మర్నాడు బండి పెట్టొద్దంటరు. ఎట్ల వద్దంటం?” ఎవరికైనా కాదనే వీలు ఉందా లేదా అన్నది నాకు ఆ రోజు నుంచి పెద్ద ప్రశ్న అయింది. కాదనే వీలున్నవాడు మేలుకుంటే దాన్ని అంకితభావం అనొచ్చు. వీలు లేనివాడు మేలుకుంటే ఆ మాట అనడానికి మనకు హక్కు లేదు.

పైఅంతస్తులో ఉన్న మాకు కాదనే వీలుండేది. అయినా కాదనకుండా నిలబెట్టింది షేర్ల ఆశ. స్టార్టప్‌లో చేరేటప్పుడు జీతం తగ్గించి ఈసాప్‌లు ఇస్తారు. అంటే కంపెనీ షేర్లను ముందే అనుకున్న ధరకు కొనుక్కునే హక్కు. మామూలుగా అది నాలుగేళ్ల మీద చేతికొస్తుంది. మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాదు, పూర్తయితే నాలుగో వంతు వస్తుంది, మిగతాది నెలనెలా. హక్కు వచ్చినంత మాత్రాన షేరు రాదు, డబ్బు కట్టి కొనుక్కోవాలి. కొన్న రోజు కాగితం మీద ఆ షేరు విలువ ఎంత ఉందో చూసి, అందులో మనం కట్టిన ధర పోను మిగిలినదాన్ని జీతం కింద లెక్కగట్టి పన్ను వేస్తారు. చేతికి పైసా రాకముందే పన్ను.

2021లో డబ్బు వరదలా వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే దేశంలో 40కి పైగా స్టార్టప్‌ల విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. మాకూ పెద్ద పెట్టుబడి వచ్చింది. వరంగల్, విజయవాడ, విశాఖల్లో ఒకేసారి గోదాములు తెరిచాం. అంతకు ముందే ఉన్న మనుషులతోనే అవన్నీ నడపాలన్నారు. ఆ సమయంలో ఉద్యోగం మానేసిన మా సీనియర్ అన్న ఒకాయన, గడువులోపు కొనకపోతే షేర్లు పోతాయని, దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నాడు, పన్నూ కట్టాడు. 2022 మార్చి నుంచి అమెరికాలో వడ్డీ రేట్లు పెరగడంతో పెట్టుబడులు ముడుచుకుపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆ ఊళ్ల గోదాములు మూసేశాం. లాక్‌డౌన్‌లో రాత్రింబవళ్లు పనిచేసినవాళ్లకే వీడియో కాల్‌లో చివరి రోజు చెప్పారు. ఏడాది చివరకు కంపెనీని ఇంకొకరు కొనుక్కున్నారు. అమ్మకంలో వచ్చే డబ్బు ముందు ఇన్వెస్టర్లకు వెళ్లాలని ఒప్పందంలోనే ఉంటుంది. వాళ్లకు చెల్లించాక మా వరకు ఏమీ మిగల్లేదు. మా సీనియర్ అన్న కొన్న షేర్లకు కాగితం విలువ కూడా లేకుండా పోయింది.

వ్యాపారంలో నష్టం రావడం నేరం కాదు. మా సార్ కూడా చాలా పోగొట్టుకున్నారు. ఆయన పదేళ్ల కష్టం అందులో ఉంది. కానీ గెలిస్తే ఎవరికెంత, ఓడితే ఎవరికెంత అన్న లెక్క ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ లెక్క చూసుకునే ఆయన మేలుకున్నారు. మాకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. గోదాంలో ఉన్నవాళ్లకు చెప్పడానికి లెక్కే లేదు.

2022 ఆగస్టులోనే బాంబే షేవింగ్ కంపెనీ సీఈవో, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నాలుగైదేళ్లు రోజుకు 18 గంటలు పనిచేయాలని రాశారు. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నారు. నారాయణమూర్తి గారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. 1981లో పదివేల రూపాయలతో ఏడుగురు కలిసి మొదలుపెట్టిన సంస్థను ఆయన ఎంత కష్టపడి నిలబెట్టారో దేశానికి తెలుసు. అదే ఇన్ఫోసిస్ 1990లలో ఉద్యోగులకు షేర్లిచ్చి వేలమందిని సంపన్నులను చేసింది. ఆ కథలో నేర్చుకోవాల్సింది గంటల సంఖ్య కాదు, ఆ పంపకం. పంపకాన్ని వదిలేసి గంటలనే పట్టుకుంటే, విత్తనాల వడ్లు వండుకుని తిని పంట కోసం ఎదురుచూసినట్టు అవుతుంది.

ఇక చట్టం సంగతి. దుకాణాలు, గోదాముల ఉద్యోగులకు రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలే పనివేళలని 1988 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చెప్పింది. దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. 48 గంటల హద్దు 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందంలోనే ఉంది. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల దాకా అనుమతిచ్చినప్పుడు కూడా వారానికి 48 గంటల హద్దును అలాగే ఉంచింది. ఐటీ సంస్థలకు మాత్రం కొన్ని పనివేళల నిబంధనల నుంచి ప్రభుత్వాలు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. అంటే చట్టం వదిలేసిన చోట గీతను సంస్థలే గీసుకోవాలి.

ఇప్పుడు నేను మరో చిన్న సంస్థలో ఒక టీమ్‌ను నడుపుతున్నాను. ఇదీ రాత్రి సరుకు కదిలే వ్యాపారమే. రాత్రి ఎవరుండాలో నెల ముందే రాసిపెడతాం. ఉన్నవాళ్లకు మర్నాడు సెలవు. రాత్రి పదకొండు దాటాక యాప్‌లో ఏ మార్పూ చేయం. డ్రైవరుకు తెల్లవారుజాము ట్రిప్పుంటే పగటి ట్రిప్పు వేరొకరిది. పండగల ముందు మూడు నాలుగు వారాలు అందరం ఎక్కువే చేస్తాం. అది ఏ తేదీన ముగుస్తుందో మొదలుపెట్టిన రోజే చెప్పుకుంటాం, అదనపు డబ్బు హమాలీ నుంచి ఇంజినీరు దాకా అందరికీ ఇస్తాం. ఇందుకు కొందరు మనుషులు ఎక్కువ కావాలి, ఖర్చు ఎక్కువ. మా సంస్థ నెమ్మదిగా పెరుగుతోంది. కానీ రాత్రి తప్పులు తగ్గాయి, మంచి మనుషులు వదిలి వెళ్లడం లేదు. రూట్ల లెక్కలు రాసిన ఆ అమ్మాయి ఇప్పుడు మా దగ్గరే పనిచేస్తోంది.

ఈమధ్య పాత ఫౌండరు సార్ ఒక పెళ్లిలో కలిశారు. కొత్త కంపెనీ పెడుతున్నానని, నన్ను రమ్మని అడిగారు. నా పద్ధతి చెప్పాను. “ఇన్ని లెక్కలు చూసుకుంటే ఏ స్టార్టప్పూ బతకదమ్మా” అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పోలేదు, అందుకే సూటిగానే చెప్పాను. “సార్, అద్దె ఇవ్వకపోతేనే బతికే దుకాణాన్ని మనం వ్యాపారమనం. జీతం ఇవ్వని గంటల మీద బతికేదాన్ని మాత్రం ఎందుకు వ్యాపారమనాలి?” ఆయన కాసేపు ఆలోచించి, మళ్లీ మాట్లాడదామన్నారు. మాట్లాడాల్సిందే. ఈ మాటలు ఉద్యోగంలో చేరేముందు జరగాలి.

స్టార్టప్‌లో చేరుతున్నానని పిల్లలు ఎవరైనా సలహా అడిగితే వద్దని నేను చెప్పను. కష్టపడి ఒక కొత్త పనిని నిలబెట్టడంలో ఉన్న ఆనందం వాళ్లకూ దక్కాలి. అయితే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోమంటాను. ఎక్కువ గంటలు ఏ పని కోసం? ఏ తేదీ వరకు? వచ్చినదాంట్లో నా వాటా ఎంత, నా కింద పనిచేసేవాళ్ల వాటా ఎంత? వీటికి జవాబు చెప్పగల సంస్థ కోసం రాత్రి మేలుకోవచ్చు, నేనూ మేలుకుంటాను. జవాబు చెప్పనిది ఎంత గొప్ప కల చూపించినా, ఆ కలకు ఖర్చయ్యేది మన ఆయుష్షు. దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు.